సంపాదకుని మాట: అదే రోజు వెళ్లిన ఈమెయిల్

2014 అక్టోబరు 9. అమెరికాలోని ఫీనిక్స్‌లో కంప్యూటర్ రంగ మహిళల సదస్సు జరుగుతోంది. సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయి అప్పటికి ఎనిమిది నెలలు. జీతం పెంచమని అడగడానికి జంకే ఆడవాళ్లకు ఏం చెబుతారని వేదిక మీద ఆయన్ని ఇంటర్వ్యూ చేస్తున్న మరియా క్లావే అడిగారు. అడగడం కాదు, వ్యవస్థ మీద నమ్మకం ఉంచాలన్నట్టు ఆయన జవాబిచ్చారు. ఆ మాట తాను ఒప్పుకోనని క్లావే అక్కడికక్కడే చెప్పేశారు. సభ చప్పట్లు కొట్టింది. ఆమె అప్పట్లో మైక్రోసాఫ్ట్ బోర్డు సభ్యురాలు కూడా!

హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన నాదెళ్ల ఆ తర్వాత చేసిన పనే అసలు విశేషం. అదే రోజు ఉద్యోగులందరికీ ఈమెయిల్ పంపారు. తన జవాబు పూర్తిగా తప్పని, పెంపు న్యాయమనిపిస్తే నేరుగా అడగాల్సిందేనని అందులో రాశారు.

పగ్గాలు చేపట్టిన కొత్తలోనే ఆయన ముఖ్య అధికారులకు మార్షల్ రోజెన్‌బర్గ్ పుస్తకం పంచారు. ఎదుటివారిని నొప్పించకుండా మనసులో మాట చెప్పడం గురించిన పుస్తకం అది.

మన ఆఫీసుల్లో మాత్రం చాలాచోట్ల పై అధికారి మాట తప్పని తెలిసినా మీటింగులో అందరూ తలూపుతారు. అసలు సంగతి బయటపడేది టీ కొట్టు దగ్గరే. అందుకే ఈ సంచికలో ముందుగా మాట్లాడేది అధికారులు కాదు, వాళ్ల కింద పనిచేసేవాళ్లు.