కోఠి రెసిడెన్సీ: నిజాం సొమ్ము, కంపెనీ మేడ

హైదరాబాద్ కోఠి మహిళా కళాశాల ఆవరణలో ఉన్న పాత మేడ ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉండే రెసిడెంటు నివాసం అది. మూసీకి ఉత్తరపు ఒడ్డున 1803 ప్రాంతంలో పని మొదలుపెట్టించినవాడు అప్పటి రెసిడెంటు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్. నమూనా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. ఖర్చు మాత్రం నిజాం ఖజానాదే.

స్థలం అడగడానికి కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద పటం గీయించి పంపితే నిజాం కాదన్నాడట. తన రాజ్య పటాలు ఎంత ఉంటాయో ఇదీ అంతే ఉందని ఆయన బెంగ. అదే పటాన్ని చిన్న అట్టముక్క మీదికి దించి పంపితే సరేనన్నాడట. కథలో అతిశయోక్తి ఉన్నా, నిజాంకు, కంపెనీకి మధ్య అప్పటి లెక్క ఏమిటో అందులో తెలిసిపోతుంది.

ముఖద్వారంలో ఆరు ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, మెట్లకు రెండు పక్కలా సింహాలు, పైన త్రికోణపు నుదురు మీద కంపెనీ రాజముద్ర. వెనుక భాగంలో కిర్క్‌పాట్రిక్ తన భార్య ఖైరున్నీసా కోసం రంగమహల్ కట్టించాడు. 1805లో ఆయన కలకత్తాలో చనిపోయాడు. రంగమహల్‌ను 1860లో కూల్చేశారు. ఘోషాలో ఉండే ఆమె చూడటానికే చేయించారని చెప్పే మేడ బుల్లి నమూనా మాత్రం తోటలో మిగిలింది.

ఈ మేడ పేరెత్తితే జనం కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమకథే చెబుతారు. 1857 తిరుగుబాటు రోజుల్లో, జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు దీనిపై దాడి చేసిన సంగతి అంతగా చెప్పరు. దాడి విఫలమైంది. ఆ తర్వాత తుర్రేబాజ్ ఖాన్‌ను కాల్చి చంపారు, అలావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు.

మహిళా కళాశాల 1949లో ఇక్కడికి మారింది. పినపాక, మణుగూరు వైపు నుంచి చదువుకు వచ్చే అమ్మాయిలకు ఇది రెసిడెన్సీ కాదు, ‘కోఠి విమెన్స్’. తరగతులు నడిచాయి గనుకే మేడ ఖాళీగా పాడుబడలేదు; అయినా బాగుచేసే డబ్బు లేక పైకప్పు కారింది, గచ్చు రాలింది. ప్రపంచ స్మారకాల నిధి 2002లో దీన్ని ప్రమాదంలో ఉన్న వంద కట్టడాల జాబితాలో చేర్చాకే మరమ్మతులకు ఊపు వచ్చింది.

కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. నిజాం రాజ్యంలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలబడి తన పొలం దక్కించుకున్న పాలకుర్తి రైతు ఆమె.