పూవుకి ధర లేదు, గింజకే ఉంది

దసరా సెలవుల తర్వాత మేం తొమ్మిది మందిమి లమ్తపుట్ వెళ్లి పాట షూట్ చేసుకొచ్చిన సంగతి డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. స్టేటస్‌లో ఫొటోలు చూసి చాలామంది బాగున్నాయన్నారు. పసుపు పూల మధ్య ఎర్ర ఓణీలు నిజంగానే బాగున్నాయి. అయితే ఆ ఫొటోల్లో కనబడని సంగతి ఒకటుంది. అది చెప్పకుండా వార్షికోత్సవంలో ఆ వీడియో వెయ్యడం నాకు ఇష్టం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

లమ్తపుట్ ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో ఒక బ్లాకు. డుడుమా జలపాతం, మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. అక్టోబరు, నవంబరులో అక్కడి మెట్ట పొలాలు వలిసె పూలతో పసుపుపచ్చగా ఉంటాయి. అరకులో జనం ఫొటోలు దిగేది కూడా ఈ పూలలోనే. ఒడియాలో దీన్ని అలసి అంటారు. గింజని గానుగ ఆడిస్తే నూనె వస్తుంది. కొండ మీద రైతుకి చేతిలో నాలుగు డబ్బులు ఆడే పంటల్లో అదొకటి. మనకి మాత్రం అది బ్యాక్‌గ్రౌండ్.

మా ఇంట్లో నాన్న తెలుగు, అమ్మ ఒడియా. కాబట్టి టీమ్‌లో మాట్లాడే పని నాకే పడింది. రోడ్డు పక్క చేను ఒకటి అందరికీ నచ్చింది. గట్టు మీద ఒకావిడ మేకల్ని చూసుకుంటోంది, చేను ఆవిడదే. మా వాళ్లు "కొంచెంసేపు లోపలికి వెళ్తామని చెప్పు" అన్నారు. నేను ఒడియాలో "మావుసీ, ఇద్దరం వెళ్లి పది నిమిషాల్లో వచ్చేస్తాం" అన్నాను. ఆవిడ దేసియాలో ఏదో అంది. నాది టౌన్ ఒడియా, ముప్పాతిక వంతే అర్థమైంది. తలూపిందని మా వాళ్లకి "ఓకే" అని చెప్పేశాను.

ఇద్దరం కాదు, ఏడుగురం దిగాం. పది నిమిషాలు కాదు, దాదాపు రెండు గంటలు. పదకొండు టేకులు అయ్యాయి. డ్యాన్స్ స్టెప్‌కి చోటు చాలక ఒక పక్క మొక్కల్ని తొక్కి చదును చేశాం కూడా. ఆవిడ ఏమీ అనలేదు. మేం బయటికి వచ్చాక లోపలికి వెళ్లి, పడిపోయిన మొక్కల్ని ఒక్కొక్కటే లేపి నిలబెట్టడానికి చూసింది. అవి నిలబడలేదు.

"ఎంతివ్వమంటారు మావుసీ?" అని అడిగాను. "పూవుకి ధర లేదు, గింజకే ఉంది. గింజ ఇంకా రాలేదు కదా, ఎంతని చెప్పను?" అంది. మా దగ్గరున్న చిల్లర పోగుచేసి రెండు వందలు ఇచ్చాం. ఆ రోజు డ్రోన్ అద్దె నాలుగున్నర వేలు. మా భోజనాలకి పద్దెనిమిది వందలు.

తిరిగొచ్చేటప్పుడు బండిలో ఒక ఫ్రెండ్ అంది, "మన వీడియో వల్ల వాళ్ల ఊరికి పేరొస్తుందిలే" అని. అప్పుడు నేనూ ఊఁ కొట్టాను. ఇప్పుడు ఒప్పుకోలేను. పేరొస్తే ఏమవుతుందో అరకులో చూస్తున్నాం. జనం వచ్చి చేలల్లో పడితే, చివరికి రైతులే కంచె కట్టుకుని ఫొటోకి తలకింత అని వసూలు చెయ్యాల్సి వచ్చింది. దాన్ని చూసి "అన్నిటికీ డబ్బులే" అని విసుక్కునేది కూడా మనమే.

ఆ ప్రాంతం బయటివాళ్లకి ఇవ్వడం కొత్తకాదు. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు, అది ఆంధ్ర, ఒడిశా రెండూ పంచుకునే ప్రాజెక్టు. దాని కోసం జలాపుట్ జలాశయం కట్టినప్పుడు గదబల ఊళ్లు మునిగాయి. మనం చేసింది దాని ముందు చాలా చిన్నదే. కానీ అడిగిన పద్ధతి మాత్రం అదే. ముందు తక్కువ చెప్పడం, తర్వాత ఎక్కువ తీసుకోవడం.

ఇంకో తప్పు కూడా చేశాం. పాట కింద "గిరిజన నృత్యం" అని రాయబోయాం. అక్కడివాళ్లు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసుకుని ఆడేది ఢెంసా. అరకులో మనం థింసా అంటాం. గదబ అన్న ఒక్క పేరు కింద కూడా రెండు భాషలున్నాయి. ఒల్లారి మన తెలుగులాగే ద్రావిడ భాష. లమ్తపుట్ వైపు వినిపించే గుతోబ్ ముండా భాష, సంతాలీకి చుట్టం. తెలుగు డిపార్ట్‌మెంట్ పిల్లలమై ఉండి ఇదంతా "గిరిజన" అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తే ఎలా?

షూటింగులు మానెయ్యమని నేను అనడం లేదు. మళ్లీ వెళ్దాం, పాటలు తీద్దాం. కానీ బడ్జెట్ కాగితంలో మొదటి లైను డ్రోన్ కాకూడదు, చేను గలవాళ్లకి ఇచ్చేది అయ్యుండాలి. ఎంతమంది, ఎంతసేపు అన్నది ఉన్నదున్నట్టు చెప్పాలి. భాష రాకపోతే ఆ ఊరివాళ్లలో ఒకరికి కూలి ఇచ్చి తోడు తీసుకెళ్లాలి. నాలాంటి సగం భాష వాళ్లని నమ్ముకోకూడదు. వాళ్లు తలూపితే సరే అన్నట్టేనా, లేక మొహమాటమా అని రెండోసారి అడగాలి. ఈ తప్పులో పెద్ద వాటా నాదే. టీమ్‌లో ఆవిడతో మాట్లాడగలిగింది నేనొక్కదాన్నే, అబద్ధం చెప్పింది కూడా నేనే.

వలిసెలు కోసి నూర్చే రోజులు దగ్గరికొస్తున్నాయి. గింజకి ధర తెలిసే సమయం అదే. అప్పుడు మళ్లీ లమ్తపుట్ వెళ్లి, పోయిన మేరకి లెక్క కట్టి ఇచ్చి, ఫోన్‌లో ఆ వీడియో ఆవిడకి చూపించి, వద్దంటే ఆ షాట్లు తీసేద్దామని నా ప్రతిపాదన. టీమ్‌లో ముగ్గురు సరేనన్నారు. ఇద్దరు "అతి చేస్తున్నావే" అన్నారు. మిగతావాళ్లు ఇంకా ఏమీ చెప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్ మీటింగులో ఈ మాట పెడతాను. ఒప్పుకోనివాళ్లు తప్పకుండా రండి.