నిస్సహాయ ప్రభుత్వం నుంచి రాజ్యాంగం దాకా

అమెరికా రాజ్యాంగాన్ని ప్రభుత్వాధికారానికి పగ్గాలు వేసిన పత్రంగా మాత్రమే చూడటం పరిపాటి అయింది. పగ్గాలున్న మాట వాస్తవమే. అయితే 1787 మే నెలలో ప్రతినిధులను ఫిలడెల్ఫియాకు రప్పించినది ప్రభుత్వ బలం పట్ల భయం కంటే దాని నిస్సహాయత పట్ల ఆందోళన అని గుర్తించకపోతే, ఆ రాజ్యాంగ సూత్రాలు ఏ ప్రశ్నకు సమాధానంగా పుట్టాయో అర్థం కాదు.

తమ సమ్మతి లేకుండా బ్రిటిష్ పార్లమెంటు పన్నులు వేసిందని తిరగబడి 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 13 వలసలు, తాము ఏర్పరచుకున్న ఉమ్మడి కాంగ్రెస్‌కు సైతం పన్ను వేసే అధికారం ఇవ్వలేదు. 1781 మార్చిలో అమలులోకి వచ్చిన ‘ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్’, అంటే ఆ రాష్ట్రాల మధ్య కుదిరిన సమాఖ్య ఒడంబడిక, జనాభాతో నిమిత్తం లేకుండా రాష్ట్రానికి ఒక్కో ఓటు ఇచ్చి, యుద్ధం, సంధి, అప్పు వంటి ముఖ్య విషయాలకు 9 రాష్ట్రాల సమ్మతినీ, సవరణకు మొత్తం 13 రాష్ట్రాల సమ్మతినీ తప్పనిసరి చేసింది. యుద్ధపు అప్పులు తీర్చడానికి దిగుమతులపై 5 శాతం సుంకం వేయాలని కాంగ్రెస్ కోరితే, 1782లో రోడ్ ఐలాండ్ అనే చిన్న రాష్ట్రం కాదనడంతో ఆ ప్రయత్నం వీగిపోయింది. మరుసటి ఏడాది జూన్‌లో, జీతాలు అందని సైనికులు సుమారు 400 మంది ఫిలడెల్ఫియాలోని సభాభవనాన్ని చుట్టుముట్టినప్పుడు, కాంగ్రెస్ పెన్సిల్వేనియా రాష్ట్ర పాలకుల రక్షణ అర్థించింది. వారు మిలీషియాను, అంటే పౌరసేనను, పిలవడానికి వెనుకాడటంతో న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్‌కు తరలిపోవలసి వచ్చింది. మహాసామ్రాజ్యాన్ని ఓడించిన దేశపు సభ తన సైనికులకే జడిసి ఊరు విడిచింది.

1786లో మసాచుసెట్స్ పశ్చిమ ప్రాంతంలో చెలరేగిన తిరుగుబాటు ఈ ఆందోళనను పతాకస్థాయికి చేర్చింది. ఆ రాష్ట్రం భారీ పన్నులు విధించి నాణేల రూపంలోనే చెల్లించాలనడంతో, చేతిలో డబ్బు ఆడని రైతులు తమ ఆస్తులు జప్తు కాకుండా న్యాయస్థానాలను అడ్డుకున్నారు. వారి నాయకులలో ఒకడైన డేనియల్ షేస్ స్వాతంత్ర్య యుద్ధంలో కెప్టెన్‌గా పోరాడినవాడు. 1787 జనవరి 25న స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి కదిలిన రైతులపై ఫిరంగులు పేలి నలుగురు మరణించారు. ఆ తరువాత వారిని చెదరగొట్టిన సైన్యానికి బోస్టన్ వర్తకులు ప్రధానంగా తమ సొంత డబ్బు సమకూర్చారు. రైతుల గోడు న్యాయమైనదే అయినా, ఆస్తిపరుల కంటికి అది అరాచకంగానే కనిపించింది.

ఫిలడెల్ఫియాలో కూడిన 12 రాష్ట్రాల 55 మంది ప్రతినిధులు (రోడ్ ఐలాండ్ రానే లేదు) పన్నులు వేసి, సైన్యాన్ని పోషించి, వాణిజ్యాన్ని క్రమబద్ధం చేయగల ప్రభుత్వాన్ని నిర్మిస్తూనే, ఆ బలం ఒక్కచోట పోగుపడకుండా చూశారు. శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలు వేర్వేరు చేతుల్లో ఉండాలన్న ఫ్రెంచి తత్త్వవేత్త మాంటెస్క్యూ బోధనను స్వీకరించినా, ప్రతినిధి జేమ్స్ మాడిసన్ ప్రభృతులు వాటిని పూర్తిగా విడదీయక, ఒక శాఖ పనిలో మరొక శాఖకు కొంత వాటా కల్పించారు. అధ్యక్షుడు తిరస్కరించిన బిల్లును కాంగ్రెస్ ఉభయ సభలు (ప్రతినిధుల సభ, సెనేట్) మూడింట రెండు వంతుల ఆధిక్యంతో నెగ్గించుకోవచ్చు. ఆయన కుదుర్చుకునే సంధులకు సెనేట్ ఆమోదం కావాలి. హక్కుల ప్రకటన లేదన్న లోటును ఎత్తిచూపి వర్జీనియా ప్రతినిధి జార్జ్ మేసన్ సంతకం చేయ నిరాకరించగా, ఆ లోటు 1791లో మొదటి 10 సవరణలతో తీరింది.

ప్రాతినిధ్యం దగ్గరే ఈ సూత్రాలు దారుణంగా తడబడ్డాయి. ప్రతినిధుల సభలో జనాభా ప్రకారం, సెనేట్‌లో రాష్ట్రాలన్నిటికీ సమానంగా స్థానాలుండాలన్న రాజీ జూలై 16న ఒకే ఒక్క రాష్ట్రం ఓటు తేడాతో నెగ్గింది. ఇక జనాభా లెక్కలోకి ఎవరు వస్తారన్నది ప్రశ్న. బానిసలను ఆస్తిగా చూస్తూ వారికి ఓటన్నదే లేకుండా చేసిన దక్షిణాది రాష్ట్రాలు, స్థానాల లెక్కకు మాత్రం వారిని చేర్చాలని పట్టుబట్టి, ప్రతి ఐదుగురు బానిసలను ముగ్గురుగా పరిగణించే నిబంధనను సాధించుకున్నాయి. ఫలితం 1790 జనగణన తరువాత స్పష్టమైంది. మెయిన్ ప్రాంతంతో కలిపి సుమారు 4.75 లక్షల జనాభా ఉన్న, బానిసలు లేని మసాచుసెట్స్‌కు 14 స్థానాలు దక్కగా, స్వేచ్ఛగా ఉన్నవారు సుమారు 4.55 లక్షలే అయిన వర్జీనియాకు, అక్కడి 2.92 లక్షల మంది బానిసల పుణ్యాన, 19 స్థానాలు దక్కాయి.

ఈ రాజీ లేకుంటే దక్షిణ కరోలినా, జార్జియా సమాఖ్యలో చేరేవి కావన్న సమర్థన ఉంది. అది రాజీకి కారణం చెబుతుందే గాని, దాని మూల్యం చెల్లించినవారిని ఎవరూ అడగలేదన్న నిజాన్ని చెరపలేదు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్ల సంఖ్య కూడా ఈ స్థానాలను బట్టే నిర్ణయమయ్యేది కనుక, తొలి 36 ఏళ్లలో 32 ఏళ్లు బానిస యజమానులైన వర్జీనియా నేతలే అధ్యక్ష పదవిలో ఉండటంలో ఈ లెక్క పాత్ర కొట్టిపారేయదగినది కాదు. బానిసత్వం మీద ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య సాగిన అంతర్యుద్ధంలో ఆరు లక్షలకు పైగా సైనికులు మరణించిన తరువాత, 1868లో 14వ సవరణ ఆ భిన్నాన్ని తొలగించింది.