చోటు చాలని పల్లెబడి

పల్లెటూరి ప్రాథమిక పాఠశాలను వానకాలమున ఒక్కమారు చూచి రావలసినదని పట్టణవాసులగు మా చదువరులను కోరుచున్నాము. రెండు గదులు, అయిదు తరగతులు. ఎండ కాయునంతసేపు మూడవ తరగతి వేపచెట్టు క్రింద కూర్చుండును. చినుకు పడినతోడనే వరండాలోనికి, అదియు చాలకున్న గదులలోనికి చేరును. ఒక మూల ఎక్కములు, మరియొక మూల తెలుగు వాచకము, నడుమ మధ్యాహ్న భోజనపు బియ్యపు బస్తాలు. ఇక పాఠము చెప్పుట పంతులుగారికిని, వినుట పిల్లలకును సాధ్యమగు పని కాదు.

అన్ని బడులును ఇట్లే యున్నవని మేము చెప్పము. పిల్లలు లేక గదులు బోసిపోవుచున్న బడులును కలవు. అందుచేతనే గదులు కావలెనని అడిగినప్పుడెల్ల అధికారులు సగటు లెక్క చూపుదురు. సగటు లెక్క చిత్రమైనది. ఒక ఊరి ఖాళీ బెంచీని మరియొక ఊర నేలమీద కూర్చున్న బిడ్డకు కాగితముపై వేసి చూపును. ఆ బిడ్డ మాత్రము నేలమీదనే యుండును.

ధనము లేదను సమాధానము ఈనాటిది కాదు. 1911లో గోపాలకృష్ణ గోఖలేగారు ప్రాథమిక విద్యా బిల్లును ప్రవేశపెట్టగా, 1912లో నాటి ఇంపీరియల్ శాసనమండలి 13 ఓట్లకెదురుగా 38 ఓట్లతో దానిని త్రోసిపుచ్చినది. స్వతంత్ర భారత రాజ్యాంగము 1950లో పదేండ్ల గడువు పెట్టినది. 1960 వచ్చెను, పోయెను. 2002లో జరిగిన 86వ సవరణ విద్యను ప్రాథమిక హక్కుగా చేసినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలునకు వచ్చినది. గోఖలేగారి బిల్లునుండి అంతవరకు 99 ఏండ్లు గడచినవి.

ఆ చట్టమును గ్రామపెద్దలు ఒక్కమారు చదివించుకొని వినవలెను. ప్రతి ఉపాధ్యాయునికిని కనీసము ఒక తరగతి గది యుండవలెనని దాని అనుబంధము శాసించుచున్నది. 160 మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు అయిదుగురు ఉపాధ్యాయులును, వారికిపైన ఒక ప్రధానోపాధ్యాయుడును ఉండవలెను. అనగా అయిదు తరగతి గదులు, ప్రధానోపాధ్యాయునికి వేరొక గది. రెండు గదులతో కాలము గడపుచున్న బడికి ఎన్ని తక్కువయో మూడవ తరగతి బాలుడు సైతము చెప్పగలడు. ఈ కొరతలు తీర్చుటకు చట్టమిచ్చిన మూడేండ్ల గడువు 2013 మార్చి 31వ తేదీతోనే ముగిసినది.

అయినను మన గ్రామములలో జరుగునదేమి? మంత్రిగారో, శాసనసభ్యులుగారో ఊరికి వచ్చినప్పుడు పూలదండతోపాటు ఒక మహజరు చేతికిత్తురు. దయదలచి గదులు మంజూరు చేయింపుడని అందులో వ్రాయుదురు. ఎన్ని గదులో, ఎందరు పిల్లలో, స్థలమెంతో అందులో ఉండదు. దండతోపాటు ఆ మహజరును కారులోనే వాడిపోవును.

చట్టము చూపిన త్రోవ వేరు. 22వ సెక్షను ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీ అభివృద్ధి ప్రణాళిక తయారు చేయవలెను. ప్రభుత్వము చేయు గ్రాంటులకు ఆ ప్రణాళికయే ఆధారము కావలెను. ఈ కమిటీలో మూడువంతుల మంది పిల్లల తల్లిదండ్రులే, సగము మంది స్త్రీలు. ఆర్థిక సంవత్సరము ముగియుటకు మూడు నెలలు ముందుగా ప్రణాళిక సిద్ధము కావలెనని కేంద్రపు నమూనా నియమములు చెప్పుచున్నవి. తరగతివారీ పిల్లల లెక్క, కావలసిన గదులు, వానికగు వ్యయము అందులో చూపవలెను. ఇట్టి కాగితమును త్రిప్పిపంపు అధికారి కారణము వ్రాయవలసివచ్చును. కారణము వ్రాయించుటయే సగము పని.

ధనమునకు మార్గములు లేకపోలేదు. 2018లో ప్రారంభమైన సమగ్ర శిక్షా పథకమున ఉభయ తెలుగు రాష్ట్రములకును కేంద్రపు వంతు నూటికి 60, రాష్ట్రపు వంతు 40. ఆంధ్రప్రదేశమున 2019లో నాడు-నేడు, తెలంగాణమున 2022లో మన ఊరు-మన బడి పేర ప్రభుత్వములే బడుల పునర్నిర్మాణమునకు పూనుకొన్నవి. ఏ పథకము వచ్చినను దానికొక జాబితా యుండును. ప్రణాళిక లేని బడి జాబితాకెక్కుట అదృష్టము పాలు. పార్లమెంటు సభ్యుని నియోజకవర్గ నిధినుండి బడి గదికి సిఫారసు చేయవచ్చును. ఏటికి 5 కోట్ల రూపాయలు. అడుగువారు అంచనా పత్రముతో అడుగవలెను.

వకీళ్లకు బాగుగా తెలిసిన చిక్కు ఒకటి కలదు. పూర్వమెవరో ధర్మాత్ముడు నోటిమాటగా ఇచ్చిన స్థలములో బడి నడచుచుండును. గదులు మంజూరు కాగానే ఆయన మనుమలు హద్దులడుగుదురు. మంజూరైన సొమ్ము మురిగిపోవును. స్థిరాస్తి దానము రిజిస్టరు దస్తావేజు లేక చెల్లదని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్నది. గదుల మాట ఎత్తుటకు ముందే ఆ దస్తావేజు వ్రాయించుకొనవలెను. ఇందుకు ప్రతిఫలము పుచ్చుకొనని వకీళ్లు ప్రతి తాలూకా పట్టణమునను ఇద్దరు ముగ్గురైనను దొరకుదురని మా నమ్మకము.

ఈ దసరాకు స్వగ్రామములకు పోవు చదువరులు ఒక కొలత టేపును వెంట గొనిపోవుదురు గాక. సెలవులలో బడి మూసియుండును గాని, తాళపుచెవి ఊరిలోనే యుండును. గదుల కొలతలు వ్రాసికొని కమిటీ పెద్దల చేతికిచ్చినచో డిసెంబరు లోపల ప్రణాళిక మండల విద్యాధికారి కార్యాలయమునకు చేరగలదు. అందినట్లు రశీదు పుచ్చుకొనుట మరువరాదు.