గీజర్ అమ్మేటప్పుడు మా నీళ్ళు గుర్తు రాలేదా?

మా జహీరాబాద్‌లో బోరు నీళ్ళను మనం ఉప్పునీళ్ళంటాం, ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఖారా పానీ అంటారు. నల్లాలో వచ్చే సింగూరు నీళ్ళు మంచినీళ్ళు. ఏ బిందె తాగడానికి, ఏ బకెట్ బట్టలకు, ఏ నీళ్ళు పోస్తే కందిపప్పు ఉడకదు అనేవి ఇక్కడి ఆడవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఇదే ఊళ్ళో గీజర్లు, వాషింగ్ మెషీన్లు అమ్మేవాళ్ళకు మాత్రం ఈ నీళ్ళ సంగతి, వస్తువు పాడయ్యాకే తెలుస్తుందండీ. అదే నా కోపం.

మా గీజర్ కొన్న రెండో ఏడాదిలోనే మూలన పడింది. మెకానిక్ ఎలిమెంట్ ఊడదీసి, దాని మీద వేలెడు మందాన పేరుకున్న తెల్లటి పెచ్చు చూపించాడు. "అక్కా, మీది బోర్ వాటర్. ఇది వారంటీలోకి రాదు" అన్నాడు. అతన్ని అని లాభం లేదు, అతనికి చెప్పమన్నది అతను చెప్పాడు. కొన్ననాడు షాపులో ఎన్ని లీటర్లది కావాలన్నారు, ఏ రంగన్నారు, ఈఎంఐ పెట్టమంటారా అన్నారు. మీ ఇంటికి ఏ నీళ్ళొస్తాయని ఒక్కరూ అడగలేదు. ఇది నా ఒక్కదాని కథ అయితే రాసేదాన్నే కాదు. మా వీధిలో ఎవరిని కదిలించినా ఇదే మాట.

ఇందులో తెలియని రహస్యమేమీ లేదు. మా నేల పైన ఎర్రమట్టి, కింద నల్లరాయి. రాళ్ళ సందుల్లో నిలిచిన నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. వాటిని కాచినప్పుడు అందులో కొంత భాగం కరిగి ఉండలేక, సుద్దలాగా తేలి ఎలిమెంట్‌కు అంటుకుంటుంది. ఆ పొరలోంచి వేడి సరిగ్గా బయటికి రాదు. కరెంటు ఎక్కువ కాలుతుంది, ఎలిమెంట్ లోలోపలే మాడిపోతుంది.

తాగునీటికి మన దేశంలో ఐఎస్ 10500 అని ఒక ప్రమాణం ఉంది. లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం దాకా ఫరవాలేదు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా తాగొచ్చు అంటుంది. ఆ 600 నీళ్ళే గీజర్‌లో రోజుకు 50 లీటర్లు కాచుకుంటామనుకోండి. రోజుకు 30 గ్రాములు, నెలకు 900 గ్రాముల సుద్ద లెక్క. అందులో చాలావరకు నీళ్ళతోపాటే పోతుంది. పదో వంతు లోపల మిగిలినా ఏడాదికి కిలో దాటుతుంది! మనుషులు తాగొచ్చని రాసిపెట్టిన నీళ్ళను వేలు పోసి కొన్న మెషీన్ తట్టుకోలేదంటే, ఆ మాట అమ్మేముందే చెప్పాలా వద్దా?

"కస్టమర్ ఇంట్లో నీళ్ళకు మేమెలా బాధ్యులం?" అంటారు. కస్టమర్ ఇంట్లో కరెంటుకూ వాళ్ళు బాధ్యులు కారు కదా? అయినా ఎన్ని వోల్టులకు పనిచేస్తుందో ప్రతి వస్తువు మీదా రాస్తారు. అలాగే ఎంత కాఠిన్యం దాకా తట్టుకుంటుందో పెట్టె మీద, తెలుగులో, కళ్ళజోడు లేకుండా కనిపించేలా రాయమనండి.

"నల్లా నీళ్ళు వాడుకోవచ్చుగా" అనేవాళ్ళూ ఉన్నారు. వచ్చే ఆ కాసేపట్లో పట్టుకున్నవి తాగడానికీ వంటకీ సరిపోతే చాలనుకునే ఇళ్ళు ఎన్నో. మిద్దె మీది ట్యాంకు నింపేది బోరే.

ఇక రెండో వ్యాపారం చూడండి. టీడీఎస్ మీటర్ గ్లాసులో ముంచి, అంకె చూపించి భయపెడతారు. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి వేసే అంచనా. అందులో కాఠిన్యం ఎంతో విడిగా చెప్పదు. ఇంకొందరు రెండు కడ్డీలు ముంచి కరెంటు పెట్టి, నీళ్ళు ఎర్రబడగానే "చూశారా మురికి" అంటారు. అది ఆ ఇనుప కడ్డీలోంచి దిగిన తుప్పు! కాఠిన్యం తెలియాలంటే నాలుగు చుక్కల మందు వేసి రంగు మారడం చూసే చిన్న కిట్ చాలు. వేలకు వేలు బేరం చేసే షాపు ఆ ఒక్క కిట్ పెట్టుకోలేదా?

మన వంతు జాగ్రత్త మనకు ఉండనే ఉంది. గీజర్ వేడి 50 డిగ్రీల దగ్గర పెడితే పొర నెమ్మదిగా పేరుకుంటుంది. నిమ్మ ఉప్పు ఆ పొరను కరిగిస్తుంది. మెకానిక్ చేత ఏడాదికోసారి శుభ్రం చేయించుకోవచ్చు. కానీ ఆ శుభ్రం చేయడం వారంటీ సర్వీసులో భాగం కావాలి. ఇప్పుడైతే ఆ ఖర్చు మనదే, "ఇంట్లో ఉండి చూసుకోవద్దా" అన్న మాటా మనకే. మెషీన్ పాడైతే ఆడవాళ్ళ వాడకం తప్పు, బాగుంటే కంపెనీ గొప్ప!

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం వస్తువు నాణ్యత గురించి తెలుసుకునే హక్కు మనకుంది. ఫిర్యాదుకు 1915 నంబరుంది. ఈసారి గీజర్ కొనడానికి వెళితే, రంగు చూసే ముందు ఒక్క ప్రశ్న వేయండి: "మా బోరు నీళ్ళకు దీనికి వారంటీ ఉందా?" ఉందంటే బిల్లు మీద రాయించుకోండి. రాయమంటే నసిగితే, డబ్బులు పర్సులోనే ఉంచుకుని పక్క షాపుకి నడవండి.