నీళ్లొచ్చాయి సరే, పోయేదెక్కడికి?

పొద్దున్నే కుళాయి వదులుతారు. అరగంట తిరక్కుండా వీధి పక్క కాలువలో నురగ కదులుతుంది. బియ్యం కడిగిన నీళ్లు, అంట్లు తోమిన సబ్బు, స్నానాల నీళ్లు అన్నీ అందులోకే. రెండు షాంపూ ప్యాకెట్లు కొట్టుకొచ్చి కల్వర్టు దగ్గర ఇరుక్కుంటాయి, వాటికి ఓ పాలిథిన్ కవరు తగులుకుంటుంది. ఇక నీరు కదలదు. దోమలకు అంతకంటే ఏం కావాలి?

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలంటుంది. తెలంగాణలో మిషన్ భగీరథ పెట్టుకున్న లెక్క 100 లీటర్లు. వాడిన నీటిలో ఐదింట నాలుగు వంతులు మురుగవుతుందని ఇంజినీర్ల అంచనా. రెండు వేల మంది ఉన్న ఊరిలో, 55 లీటర్ల చొప్పున చూసినా, రోజుకు 88 వేల లీటర్లు! బిందెలతో మోసుకొచ్చిన రోజుల్లో ఇంత బెడద లేదు. మోసిన చేతులు ఊరికే పారబోయవు. ఆ కాసిని నీళ్లూ పెరట్లో అరటి పాదుకో, మెట్టతామర దుబ్బుకో పోయేవి. ఇప్పుడు పెరడే గచ్చయింది.

దీనికి పంచాయతీకి తోచే మందు సిమెంటు కాలువ. కంటికి కనపడే పని, శిలాఫలకానికీ పనికొస్తుంది. కానీ కాలువ మురుగును శుభ్రం చేయదు, ఈ వీధిది తీసుకెళ్లి ఊరి చెరువులో పోస్తుంది. ఆ తర్వాత గుర్రపుడెక్క తీయించడానికి మళ్లీ ఓ టెండరు.

సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్ ఇంటింటా ఇంకుడు గుంత తవ్వుకుని పేరు తెచ్చుకుంది. పక్కనే మహారాష్ట్రలో, నాందేడ్ జిల్లా టెంభుర్ణి కూడా ఇదే దారి పట్టింది. అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. సుమారు నాలుగడుగుల గుంత, మధ్యలో చిల్లుల తొట్టి, చుట్టూ రాళ్లు, కంకర. గుంతకు ముందు చిన్న తొట్టి ఒకటి కట్టి మెతుకులు, మడ్డి అక్కడే ఆపాలి. ఆ తొట్టిని ఎప్పటికప్పుడు ఎత్తిపోయకపోతే గుంత పూడిపోతుంది. కట్టి వదిలేసిన గుంతలు చాలావరకు చెడేది ఇక్కడే.

నల్లరేగడిలో నీరు సులువుగా ఇంకదు. ఇరుకు సందుల్లో గుంతకు చోటుండదు. అలాంటిచోట కాలువ తప్పదు, అయితే దాని చివర జమ్ము, మెట్టతామర పెంచిన చిత్తడి మడి ఉండాలి. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ పద్ధతిపై పనిచేశారు. మరుగుదొడ్డి గొట్టాన్ని మాత్రం వీధి కాలువకు కలపనివ్వకూడదు. అది కలిస్తే ఇంకుడు గుంతా, మడీ రెండూ చేతులెత్తేస్తాయి.

డబ్బు సంగతికొస్తే, స్వచ్ఛభారత్ రెండో దశ మార్గదర్శకాలు ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకు మురుగునీటి పనుల కోసం తలకు 280 రూపాయల దాకా వీలు కల్పించాయి. రెండు వేల మంది ఊరికి 5.60 లక్షలు. పెద్ద మొత్తమేమీ కాదు గానీ, మొదలుపెట్టడానికి చాలు. గుంతల తవ్వకానికి ఉపాధి హామీ పనిని వాడుకున్న ఊళ్లూ ఉన్నాయి.

కొత్త కాలువకు అంచనా వేసినప్పుడు పొడవు, వెడల్పు, సిమెంటు బస్తాలు అన్నీ రాస్తారు. చివర ఆ నీరు ఎక్కడ పడుతుందో కూడా అదే కాగితం మీద రాయించాలి. ఆ గడిలో చెరువు పేరు కనిపిస్తే గ్రామసభ సంతకం పెట్టకూడదు.