గవ్వలు బట్ట మీదనే ఉండనీయండి



దసరా సెలవులు అయినంక మన హాస్టల్‌లో గదుల అలంకరణ పోటీ జరిగినది. ఈసారి చాలామంది ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ఫోటో ఫ్రేములు చేసి, మీద ఇసుక చల్లి గవ్వలు అతికించినారు. చూడ ముచ్చటగా ఉన్నయి, నేను కాదనను. కాని ఆ గవ్వలు ఎక్కడివి? శంషాబాద్ నుండి బాపట్ల సూర్యలంక సముద్రానికి పోవాలంటే 300 కిలోమీటర్ల పైనే. మన నెత్తి మీద నుండి రోజూ విమానాలు పోతయి గాని అందులోంచి గవ్వలు పడవు గద! కొందరు తండాకు పోయి నానమ్మల పాత కాంచళి మీది గవ్వలు, నీళ్ళకుండ కింద పెట్టే చుట్టకుదురు గవ్వలు కోసుకొని తెచ్చిండ్రు. అట్ల చేసిన ఫ్రేముకే మొదటి బహుమతి వచ్చినది. ఇది మంచిది కాదని నా అభిప్రాయము.

"పాత బట్టే గద, ఎవరు కట్టుకుంటరు" అని నాతో అన్నరు. నిజమే, మా యాడి కూడా చీరనే కడుతది. కాని మా తండాల అద్దాల కుట్టు వచ్చినోళ్ళు ఇప్పుడు ముగ్గురే ఉన్నరు, ముగ్గురూ ముసలోళ్ళే. బట్ట చినిగితే మళ్ళ కుట్టేది ఎవరు?

ఆ గవ్వలు పూర్వం మాల్దీవుల నుండి ఓడల మీద వచ్చేవి. బజారుల డబ్బులెక్క నడిచేవి. అందుకే ఏమీ లేనోళ్ళను చిల్లిగవ్వ కూడా లేదంటరు. మన లంబాడీ పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరు తిరిగి అమ్మినోళ్ళు. మా ఇంట్ల బడికి వచ్చింది నేనే మొదలు. మా ముత్తాతల గురించి రాసిన కాగితం ఒక్కటి లేదు. ఆ బట్ట ఒక్కటే ఉన్నది. దాన్ని కోసి గోడకు అతికిస్తే ఎట్ల?

అలంకరణ వద్దని నేను అనడం లేదు. ఒక్క గవ్వ చాలు. పూజ సామాను దుకాణంలో దొరుకుతది. పళ్ళెంలో తడి ఇసుక పోసి చదును చేసి, గవ్వను ఒత్తి మెల్లగా తియ్యాలి. ఆ గుంటలో ప్లాస్టర్ పోస్తే అచ్చు గవ్వనే వస్తది, ఇసుక కూడా పట్టుకొని ఉంటది. అట్ల వంద చేసుకోవచ్చు. ఎయిర్‌పోర్టు చుట్టూ ఇండ్లు కట్టే కాడ వాగు ఇసుక కుప్పలల్ల చిన్న నత్తగుల్లలు కూడా ఉంటయి, అడిగి ఏరుకోండి. రోబో ఇసుకల ఏరొద్దు, అది రాయి పొడి, అందుల ఏముంటది!

ప్లాస్టర్ కలిపేటప్పుడు నీళ్ళల్ల పొడి వెయ్యాలి, ఒక గ్లాసు నీళ్ళకు రెండు గ్లాసుల పొడి. అది గట్టిపడేటప్పుడు వేడి పుడుతది. ఐదో తరగతి చెల్లెళ్ళు చెయ్యి అందుల ముంచి అచ్చు తీస్తమంటున్నరు. వద్దు! 2007లో ఇంగ్లండులో 16 ఏండ్ల అమ్మాయి బడిల ఇట్లనే చేతులు పెడితే వేళ్ళు పోయినయి. చెయ్యి ఇసుకల ఒత్తి, తీసినంక ప్లాస్టర్ పోయండి. మిగిలింది బాత్‌రూం మోరీల పోయకండి, నీళ్ళల్ల కూడా గట్టిపడి మోరీ మూసుకపోతది. మళ్ళ బక్కెట్లతో ఎత్తిపోసేది మనమే.

వార్డెన్ మేడం గారికి నా మనవి. వచ్చే పోటీలో బట్ట మీద నుండి కోసిన గవ్వలకు మార్కులు ఇవ్వవద్దు. ఎవరింట్ల కాంచళి ఉంటే ఆ ఒక్క దినం అట్లనే తెచ్చి గదిలో వేలాడదీసి, మళ్ళ తీసుకపోనీయండి.

ఇప్పటికే కోసినోళ్ళు ఫ్రేములు పారెయ్యకండి. ఫెవికాల్‌తో అతికించినవి నీళ్ళల్ల నానబెడితే ఊడుతయి. డబ్బాలో జాగ్రత్తగా పెట్టి సంక్రాంతికి ఇంటికి తీసుకపోండి. నానమ్మకు సూదిల దారం మీరు ఎక్కించి ఇస్తే, ఆమె కుడుతది.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని